గళ్ల జెండా తరువాత ఏడువందల కిలోమీటర్లు

వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ దారి ఒకటే అయినా, ఆ దారిలో కారు నడిపే మనిషి మాత్రం ఒకే స్థితిలో ఉండడు. బయలుదేరిన నాడు నిద్ర, ఆహారం, ఉత్సాహం అన్నీ సమృద్ధిగా ఉంటాయి. తిరిగి వచ్చే వేళకు అవన్నీ ఖర్చయిపోయి, ఇల్లు చేరాలన్న తొందర ఒక్కటే మిగులుతుంది. ఈ తేడా అన్ని ప్రయాణాల్లోనూ ఉన్నదే గాని, పరాయి దేశంలో జరిగే మోటారు రేసును చూడటానికి సొంత కారులో వెళ్లివచ్చేవారి విషయంలో అది ప్రాణాల మీదకు తెచ్చేంత పెద్దదవుతుంది. ఫ్రాన్స్‌లోని లె మాన్ నగరంలో రాత్రీ పగలూ ఇరవైనాలుగు గంటలు సాగే కార్ల రేసును చూసి, ఇంగ్లిష్ చానల్ దాటి బ్రిటన్‌లోని ఇంటికి చేరుకొనే ప్రయాణం దీనికి తగిన ఉదాహరణ. తిరుగు ప్రయాణపు నిర్ణయాలను అలసిన మనిషి చేతిలో పెట్టకుండా, అదే మనిషి కంటినిండా నిద్రపోయి ఉన్న రోజుల్లో, అంటే టికెట్టు కొనే నాడే, తేల్చి కాగితం మీద పెట్టుకోవాలన్నదే ఈ అధ్యాయం చెప్పదలచిన విషయం.

లె మాన్ రేసు 1923లో మొదలైంది. ఆటోమొబైల్ క్లబ్ ద లూఎస్ట్ అనే సంస్థ నిర్వహించే ఈ పోటీ సాధారణంగా జూన్ నెలలో, ఇటీవలి సంవత్సరాల్లో శనివారం సాయంత్రం 4 గంటలకు ప్రారంభమై ఆదివారం సాయంత్రం 4 గంటలకు ముగుస్తుంది. ఒక్కొక్క చుట్టు 13.626 కిలోమీటర్లు ఉండే ఆ బాటలో కొంత భాగం మామూలు రోజుల్లో లారీలూ బస్సులూ తిరిగే ప్రజారహదారే. యునోదియేర్ అనే పేరుగల పొడవైన తిన్నని దారి కూడా అటువంటిదే. ఇటీవలి పోటీలకు మూడు లక్షలకు పైగా ప్రేక్షకులు హాజరవుతుండగా, వారిలో సముద్రం దాటి కార్లలో వచ్చి గుడారాలు వేసుకొనే బ్రిటన్ వాసుల సంఖ్య ఎప్పుడూ గణనీయంగానే ఉంటుంది. పక్కనే ఇంజన్లు రాత్రంతా గర్జిస్తూ ఉండగా గుడారంలో పట్టే నిద్ర రెండు మూడు గంటలకు మించదు. పైగా చీకట్లో దీపాలు వెలిగించుకొని దూసుకుపోయే కార్లను చూడటమే ఈ రేసు ప్రత్యేకత కాబట్టి, చాలామంది ఆ కాస్త నిద్రను కూడా ఇష్టపూర్వకంగానే వదులుకుంటారు.

ప్రేక్షకుడు నేర్చుకోవలసిన పాఠం ఆ బాట మీదనే ఉంది. లె మాన్‌లో ఒక్కొక్క కారును సాధారణంగా ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. నిబంధనల ప్రకారం ఏ డ్రైవరూ ఆరు గంటల వ్యవధిలో నాలుగు గంటలకు మించి గాని, మొత్తం రేసులో పద్నాలుగు గంటలకు మించి గాని నడపకూడదు. పూర్వం ఇటువంటి కట్టుబాటు లేదు. 1952లో పియేర్ లెవేగ్ అనే ఫ్రెంచి డ్రైవరు, సహచరుడు సిద్ధంగా ఉన్నా అతనికి స్టీరింగు అప్పగించకుండా, తన టాల్బో కారును దాదాపు ఇరవైమూడు గంటలు ఒంటరిగా నడిపి, అందరికంటె నాలుగు చుట్ల ముందుండగా, విజయానికి గంటో గంటన్నరో మిగిలిన దశలో ఇంజన్ పాడై ఆగిపోయాడు. అలసటలో గేరు తప్పు పడటమే కారణమని చాలామంది భావించగా, ఇంజన్ లోపలి లోపమే కారణమని లెవేగ్ చెప్పాడు. గెలుపు మాత్రం మెర్సిడెస్ జట్టుకు దక్కింది. శిక్షణ పొందిన డ్రైవర్లను, వైద్యులూ సాంకేతికులూ కనిపెట్టుకొని ఉండే బాట మీద సైతం, నాలుగు గంటల తరువాత స్టీరింగు ముందు నుంచి లేపివేస్తున్నప్పుడు, అదే రేసును కంటిమీద కునుకు లేకుండా చూసిన ప్రేక్షకుడు ఎవరి పర్యవేక్షణా లేకుండా అర్ధరాత్రి ఏడువందల కిలోమీటర్లు నడపటానికి సిద్ధపడటం ఏ లెక్కకూ నిలవదు.

నిద్రలేమికీ మద్యపానానికీ మధ్య ఉన్న పోలికను ఆస్ట్రేలియా పరిశోధకులు డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ 1997లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. వరుసగా పదిహేడు గంటలు మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందనీ, ఇరవైనాలుగు గంటలు మేలుకొంటే అది సుమారు 0.10 శాతంతో సమానమవుతుందనీ ఆ ప్రయోగం చూపింది. అంటే ఒక్క చుక్క కూడా తాగనివాడు సైతం, నిద్ర మానిన కారణంగా, తాగినవాడిలా నడపగలడన్నమాట. దీనికి తోడు మనిషి శరీరానికి ఒక దినచక్రం ఉంది. రాత్రి రెండు మొదలు ఉదయం ఆరు వరకు, తిరిగి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నిద్ర ఒత్తిడి హెచ్చుగా ఉంటుంది. ఈ వేళల్లో వచ్చేదే క్షణనిద్ర, అంటే కళ్లు తెరిచే ఉన్నా మెదడు మూడు నాలుగు సెకన్లపాటు పని మానివేసే స్థితి. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 36 మీటర్లు కదులుతుంది కాబట్టి, నాలుగు సెకన్ల క్షణనిద్రలో అది ఎవరి అదుపూ లేకుండా 144 మీటర్లు పోతుంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని పెద్దలన్నది పరుపు గురించే కాదు, స్టీరింగు గురించి కూడా నిజమే: నిద్ర ముంచుకొచ్చినప్పుడు అది చోటూ వేళా చూడదు.

2001 ఫిబ్రవరి 28న ఉత్తర ఇంగ్లండ్‌లో జరిగిన దుర్ఘటన దీనికి విషాద సాక్ష్యం. రాత్రి సరిగా నిద్రపోకుండా తెల్లవారుజామున బయలుదేరిన ఒక డ్రైవరు ఎం62 మోటారు మార్గం మీద కునుకు తీయగా, అతని వాహనం కట్ట దిగి కిందనున్న రైలుపట్టాల మీదికి చేరింది. దానిని ఢీకొన్న ప్రయాణికుల రైలు పట్టాలు తప్పి ఎదురుగా వస్తున్న గూడ్సు రైలును ఢీకొంది. పదిమంది మరణించారు. కారు నడిపిన వ్యక్తి బతికాడు. ప్రమాదకరంగా నడిపి మరణాలకు కారకుడయ్యాడని కోర్టు అతన్ని దోషిగా నిర్ధారించింది. అలసట ఉందని తెలిసీ స్టీరింగు పట్టడం కూడా బాధ్యత వహించవలసిన చర్యే అన్నది ఆ తీర్పు సారం.

రాత్రి లెక్క

ప్రణాళిక అనే మాట చాలామందికి దూరాన్ని వేగంతో భాగించడం దగ్గరే ఆగిపోతుంది. లె మాన్ నుంచి సముద్రతీరంలోని కలే వరకు సుమారు 400 కిలోమీటర్లు. చానల్ కింద సొరంగంలో కార్లను రైలెక్కించి అవతలి ఒడ్డుకు చేర్చే సర్వీసుకు 35 నిమిషాలు. అక్కడి ఫోక్‌స్టన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు సుమారు 320 కిలోమీటర్లు. కాగితం మీద ఇది ఎనిమిది తొమ్మిది గంటల పని. గడియారంలో ఇది ఎలా పడుతుందో చూడాలి. సాయంత్రం 4 గంటలకు రేసు ముగిసినా, లక్షల మంది ఒక్కసారిగా కదిలే మైదానం నుంచి కారు బయటపడి మోటారు మార్గం ఎక్కేసరికి ఆరున్నర కావడం మామూలే. మధ్యలో రెండు విరామాలతో కలే చేరేసరికి రాత్రి పదకొండున్నర. తనిఖీలు ముగిసి రైలెక్కేసరికి అర్ధరాత్రి దాటుతుంది. బ్రిటన్ గడియారం ఫ్రాన్స్ కంటె గంట వెనుక ఉంటుంది గనుక అవతలి ఒడ్డున దిగినప్పుడు గంట కలిసొచ్చినట్టు తోస్తుంది గాని, శరీరం లెక్క మారదు. బర్మింగ్‌హామ్ చేరేసరికి అక్కడి గడియారం తెల్లవారుజాము నాలుగు చూపుతుంది. శరీరానికి అది ఐదు. నిద్ర ఒత్తిడి తారస్థాయిలో ఉండే గంటలన్నీ సరిగ్గా ప్రయాణపు చివరి అంకంలో, ఇంటికి దగ్గరపడ్డామన్న నిశ్చింత కలిగే చోట పడుతున్నాయి.

జూన్ నెల మరొక భ్రమను కలిగిస్తుంది. ఆ రోజుల్లో లె మాన్ ప్రాంతంలో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి పది కావస్తుంది. ఇంకా వెలుతురుంది కదా అన్న ధైర్యంతో బయలుదేరినవాడు మూడు గంటలు నడిపిన తరువాత గాని రాత్రి ప్రయాణంలో ఉన్నట్టు గుర్తించడు.

ఈ లెక్కకు పరిష్కారం ఆదివారం రాత్రిని ప్రయాణంలో కాక పడకలో గడపడమే. అందుకు మూడు దారులు కనిపిస్తాయి. గుడారాల మైదానంలోనే మరొక రాత్రి ఉండి సోమవారం ఉదయం కదలడం అన్నిటికంటె చవకైనది. ఇంజన్లు ఆగిన ఆ రాత్రి నిజంగా నిద్ర పడుతుంది, రద్దీ కూడా తగ్గుతుంది, అయితే స్థలాన్ని ఏ వేళకు ఖాళీ చేయాలో టికెట్టు మీద ముందే చూసుకోవాలి. రెండవది, సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని అలాన్సోన్ వంటి పట్టణంలో గది తీసుకోవడం. రేసు వారానికి ఆ చుట్టుపక్కల గదులు చాలా ముందుగానే నిండిపోతాయి కాబట్టి ఈ ఆలోచన రేసు టికెట్టుతో పాటే పుట్టాలి. మూడవది, కలే దారి మానుకొని కాన్ నగరానికి, అక్కడి వీస్త్రేయామ్ రేవుకు వెళ్లడం. లె మాన్ నుంచి అది సుమారు 165 కిలోమీటర్లే; అక్కడి నుంచి పోర్ట్స్‌మత్‌కు పోయే ఓడ ప్రయాణానికి ఆరు గంటలకు పైగా పడుతుంది, రాత్రి సర్వీసులో పడక గదులుంటాయి. వేగాన్ని మాత్రమే చూసేవారికి ఆరు గంటల ఓడ, ముప్ఫయి అయిదు నిమిషాల రైలు కంటె హీనంగా కనిపించవచ్చు. నిద్రను లెక్కలోకి తీసుకొంటే ఆ నెమ్మదే దాని విలువ. పైగా పోర్ట్స్‌మత్ నుంచి బర్మింగ్‌హామ్‌కు సుమారు 230 కిలోమీటర్లే కాబట్టి ఒడ్డు దిగాక నడపవలసిన దూరం కూడా తగ్గుతుంది. మూడింటిలోనూ సోమవారం సెలవు పెట్టక తప్పదు. నిజానికి తిరుగు ప్రయాణాన్ని ఆదివారం రాత్రిలోకి నెట్టేది దూరం కాదు, సోమవారం ఉదయం తొమ్మిది గంటల ఉద్యోగం. ఆ సెలవు దొరకని పక్షంలో టికెట్టు కొనకముందే ఆ సంగతి ఆలోచించుకోవడం మేలు.

బ్రిటన్‌లో నివసిస్తూ భారతీయ పాస్‌పోర్టు కలిగిన తెలుగువారికి ఈ లెక్కలో మరొక అంశం చేరుతుంది. వారు ఫ్రాన్స్‌లో ప్రవేశించడానికి షెంగెన్ వీసా, అంటే అనేక ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే స్వల్పకాలిక అనుమతి, అవసరం. ఆ వీసా మీద చెల్లుబాటు తేదీతో పాటు ఎన్ని రోజులు ఉండవచ్చునో కూడా రాసి ఉంటుంది. ప్రవేశించిన రోజు, వెళ్లిపోయే రోజు రెండూ ఆ లెక్కలోకి వస్తాయి. కలేలో ఫ్రాన్స్ అధికారుల తనిఖీ, బ్రిటన్ అధికారుల తనిఖీ రెండూ రైలో ఓడో ఎక్కకముందే జరుగుతాయి గనుక, ఆదివారం రాత్రి పదకొండున్నరకు చేరవలసిన కారు ట్రాఫిక్‌లో చిక్కుకొని అర్ధరాత్రి దాటి చేరితే, నిష్క్రమణ తేదీ సోమవారంగా నమోదవుతుంది. కాబట్టి ఆదివారమే తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నవారు కూడా దరఖాస్తులో మంగళవారం వరకైనా గడువు కోరడం, దానికి సరిపడే బస ఆధారాలు జతచేయడం వివేకం. గడువు తీరిపోతుందన్న భయంతో నిద్రను ఆపుకొని నడిపే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

దారి, చట్టం

కలే వైపు పోయేవారు సాధారణంగా ఏ28 మోటారు మార్గంలో అలాన్సోన్ మీదుగా రువాన్ చేరి, ఆ నగరం గుండా సాగి, తిరిగి ఏ28లో అబ్‌విల్ వరకు, అక్కడి నుంచి ఏ16లో బులోన్ మీదుగా కలే వరకు వెళతారు. రువాన్ దగ్గర మోటారు మార్గం తెగిపోయి నగర వీధులూ వంతెనా సొరంగమూ దాటవలసి రావడం ఈ దారిలో గుర్తుంచుకోవలసిన ఘట్టం. రెండు గంటలు తిన్నగా నడిపి మందగించిన కళ్లకు అక్కడి కూడళ్లు గజిబిజిగా కనిపిస్తాయి కాబట్టి, మొదటి విరామం రువాన్ దాటిన తరువాత కాక రువాన్‌కు ముందే తీసుకోవాలి. విరామానికి అనువైన చోట్లను ఫ్రెంచిలో ‘ఏర్’ అంటారు. కొన్నిటిలో చెట్లూ బల్లలూ మరుగుదొడ్లూ మాత్రమే ఉంటాయి, కొన్నిటిలో పెట్రోలూ భోజనమూ దొరుకుతాయి. మోటారు మార్గం మీద పెట్రోలు ఖరీదు హెచ్చు గనుక ట్యాంకును రేసుకు ముందు ఊళ్లోనే నింపుకోవడం మంచిది.

సుంకాన్ని ‘పేయాజ్’ అంటారు. చాలాచోట్ల గేటు దగ్గర చెల్లిస్తారు. బ్రిటన్ కార్లలో స్టీరింగు కుడివైపున ఉండగా చెల్లింపు యంత్రం ఎడమవైపున ఉంటుంది కాబట్టి, ఒంటరిగా ప్రయాణించేవారు అద్దానికి అతికించుకొనే ఎలక్ట్రానిక్ బిళ్లను ముందే తెప్పించుకొంటే దిగి నడిచే శ్రమ తప్పుతుంది. నార్మండీలోని ఏ13 వంటి కొన్ని మార్గాల్లో గేట్లే లేవు. కెమెరాలు నంబరు చదువుతాయి, 72 గంటల్లోగా చెల్లించాలి. ఇల్లు చేరి నిద్రపోయిన మనిషి మరచిపోయే మొదటి పని ఇదే గనుక దీనిని కాగితం మీద రాసి ఉంచుకోవాలి.

ఆంధ్ర, తెలంగాణల్లోనూ బ్రిటన్‌లోనూ వాహనాలు ఎడమవైపున నడుస్తాయి, ఫ్రాన్స్‌లో కుడివైపున. వెళ్లేటప్పుడు ఈ మార్పు పట్ల ప్రతి ఒక్కరూ జాగ్రత్తగానే ఉంటారు. నాలుగు రోజుల తరువాత, తెల్లవారుజామున ఖాళీగా ఉన్న పెట్రోలు బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడు, ఎదురుగా మరొక వాహనం లేనప్పుడు, చేతులు చిన్ననాటి అలవాటుకు లొంగి కారును ఎడమకు తిప్పుతాయి. ప్రతి విరామం తరువాత కదిలేముందు, పక్కన కూర్చున్నవారు ‘కుడివైపు’ అని పైకి అనడం చిన్న అలవాటే అయినా ఎంతో మేలు చేస్తుంది. ఫోక్‌స్టన్‌లో దిగాక అదే జాగ్రత్తను తిరగేసి పాటించాలి.

వేగం విషయంలో రేసు చూసి వచ్చినవారికి ప్రత్యేకమైన బలహీనత ఉంటుంది. గంటకు మూడువందల కిలోమీటర్లకు పైబడి పోయే కార్లను రెండు రోజులు చూసిన కళ్లకు 130 నత్తనడకలా అనిపిస్తుంది. ఫ్రాన్స్ మోటారు మార్గాల మీద పొడి వాతావరణంలో 130, వానలో 110, ఊళ్ల వెలుపలి మామూలు రోడ్ల మీద సాధారణంగా 80, ఊళ్లలో 50 కిలోమీటర్ల పరిమితి. పరిమితిని 40 కిలోమీటర్లు మించిన డ్రైవరు లైసెన్సును పోలీసులు అక్కడికక్కడే స్వాధీనం చేసుకోగలరు, అప్పుడు నడపగల మరొకరు లేకపోతే కారు అక్కడే నిలిచిపోతుంది.

మద్యం మాట మరింత నిదానంగా ఆలోచించవలసినది. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ ఫ్రాన్స్‌లో పరిమితి, కొత్తగా లైసెన్సు పొందినవారికి 0.2, ఇంగ్లండ్, వేల్స్‌లలో అది 0.8 కాబట్టి అక్కడి అంచనా ఇక్కడ పనికిరాదు. శరీరం గంటకు సుమారు 0.10 నుంచి 0.15 గ్రాముల వరకే వదిలించుకోగలదు. కాఫీ గాని చన్నీటి స్నానం గాని ఆ వేగాన్ని పెంచవు. రాత్రి రెండు గంటలకు 1.5 గ్రాముల స్థాయిలో నిద్రపోయినవాడికి ఫ్రాన్స్ పరిమితికి దిగడానికే ఏడు నుంచి పది గంటలు పడుతుంది. కాబట్టి సోమవారం ఉదయం తొమ్మిదింటికి స్టీరింగు పట్టేవాడు ఆదివారం సాయంత్రంతోనే గ్లాసు పక్కన పెట్టాలి.

కారులో మేలుకొనే విధం

ఇద్దరు నడపగలిగితే లె మాన్ జట్ల పద్ధతినే కారులోకి తెచ్చుకోవచ్చు: రెండు గంటలకు ఒకసారి, అలసట వచ్చినా రాకున్నా, స్టీరింగు చేతులు మారాలి. అలసట వచ్చాక మారుదామనుకొంటే ఆ మార్పు ఎప్పుడూ ఆలస్యంగానే జరుగుతుంది, ఎందుకంటే అలసిపోయానని గుర్తించే తెలివే అన్నిటికంటె ముందు మందగిస్తుంది. రెండవ డ్రైవరు పేరు బీమా పత్రంలో ఉందో లేదో, ఆ బీమా ఫ్రాన్స్‌లో ఎంతవరకు వర్తిస్తుందో ముందే చూడాలి. బ్రిటన్‌కు కొత్తగా వచ్చి ఇంకా భారతీయ లైసెన్సుతోనే నడుపుతున్నవారు తమ విషయాన్ని బీమా సంస్థతో విడిగా తేల్చుకోవాలి. పక్కసీటులో కూర్చున్నవారు మేలుకొని ఉండటం కూడా ఒక విధి. నిద్రపోదలచినవారు వెనుక సీటుకు మారాలి.

ఆవలింతలు, గడచిన అయిదు కిలోమీటర్లు ఎలా దాటామో గుర్తు రాకపోవడం, మలుపు తప్పిపోవడం, రోడ్డు అంచునున్న గరుకు గీత మీద చక్రం గరగరమనడం వంటివి కనిపిస్తే తరువాతి ఏర్ దగ్గరే ఆగాలి. కిటికీ తెరవడం, పాటలు పెంచడం వంటి ఉపాయాలు నిలకడగా పనిచేయవని ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. కాఫీ తాగి వెంటనే పదిహేను నిమిషాలు కునుకు తీయడమే వారు మేలైనదిగా గుర్తించిన పద్ధతి. కాఫీ ప్రభావం మొదలు కావడానికి ఇరవై ముప్ఫయి నిమిషాలు పడుతుంది గనుక కునుకు ముగిసేసరికి అది అందివస్తుంది. ఇది గంటో గంటన్నరో గట్టెక్కించే సాయమే తప్ప పోగొట్టుకొన్న రాత్రికి బదులు కాదు.

కారు చెడిపోతే ఫ్రాన్స్ మోటారు మార్గం మీద సొంతంగా మరమ్మతు బండిని పిలిపించుకోవడం కుదరదు; నారింజ రంగు అత్యవసర ఫోను గాని 112 గాని ఆధారం, అధీకృత బండే వస్తుంది. మెరిసే జాకెట్టు డిక్కీలో కాక సీటు దగ్గరే, చేతికందేలా ఉండాలి. అది వేసుకొని, అందరూ దిగి కంచె అవతలికి వెళ్లి నిలబడాలి.

చివరిగా, ఇంట్లో ఎదురుచూసేవారికి చెప్పే సమయం గురించి. ‘రాత్రి పన్నెండింటికల్లా వచ్చేస్తాను’ అన్న మాట ఒకసారి నోట వెలువడితే, ఆ తరువాత ఆలస్యమైన ప్రతి అరగంటా విరామాన్ని కుదించమని డ్రైవరును ఒత్తిడి చేస్తుంది; భోజనం వేడిగా ఉంచి కూర్చున్న తల్లికో భార్యకో భర్తకో ఈ సంగతి తెలియదు. సోమవారం చీకటి పడేలోగా వస్తామనీ, దారిలో ఆగిన ప్రతిచోటి నుంచి ఒక సందేశం పంపుతామనీ, నడుపుతున్నప్పుడు ఫోను తీయబోమనీ ముందే చెప్పి ఉంచితే వారూ ఆ వేళకే వంట మొదలుపెడతారు.